విల్నర్‌కు పర్మినెంట్ వచ్చిన సంగతి

మా మీది రూముల కిరాయికి ఉన్న హైతీ దేశస్తుడు, ఫుట్‌బాల్ ఫార్వర్డ్ శ్రీ విల్నర్ గారికి జిన్నారం దిక్కున్న మందుల కంపెనీల పర్మినెంట్ అయిందని పటేల్‌గూడ వాసులందరికీ తెలియజేయుటకు సంతోషిస్తున్నం. ఆయన మాత్రం సంతోషించలేదు. ఆ లోపం ఆయనదే గాని మాది కాదు.

హైతీ ఎక్కడుందో నాకు తెల్వకుండె. మా కొడుకు మల్లేష్ ఫోన్ల చూపించిండు. మూడు దిక్కుల సముద్రమే. అసొంటి జాగల పిల్లల్ని బయటికి ఎట్ల పంపుతరో ఆ తల్లులు!

మా దిక్కు కంపెనీలకు ఏం అవసరమొచ్చినా కాంట్రాక్టరుకు చెప్తరు. లోడింగు మనుషులు, గేటు కాడ సెక్యూరిటీ, క్యాంటీన్ల వంటమనిషి, అందర్నీ ఆయనే పంపుతడు. పారిశ్రామికవాడ ఫుట్‌బాల్ కప్పుల మందుల కంపెనీ ఏటేటా బాయిలర్ల కంపెనీ చేతిల ఓడిపోతుంటే పెద్దసార్లకు తల కొట్టేసినట్టయి, ఒక మంచి ఫార్వర్డును సప్లై చేయవలసిందిగా కాంట్రాక్టరును కోరిండ్రు. కోల్‌కతాల క్లబ్బు మూతవడి ఖాళీగ ఉన్న విల్నర్‌ను ఆయన పట్టుకొచ్చిండు. కంపెనీ మనుషులే ఆడాల్నని కప్పు రూలు. అందుకని ప్యాకింగ్ హెల్పరుగ రాసుకున్నరు. రూలును ఇంత గౌరవించే కంపెనీ మా దిక్కు ఇంకోటి లేదు.

గ్రౌండు కంపెనీ గోడ లోపల ఉన్నది. ఇనుప ముక్కు బూట్లు లేంది గేటు దాటనియ్యరు. విల్నర్ ఆ బూట్లేసుకొని, ఆట బూట్లు చంకల పెట్టుకొని లోపలికి పోయేటోడు. మొదటి ప్రాక్టీసు చూసిన సేఫ్టీ ఆఫీసరు సాయంత్రానికే నోటీసు అంటించిండు: "వేగముగా వచ్చు వస్తువులను తలతో తాకరాదు. తప్పనిసరి అయినచో హెల్మెట్ ధరించవలెను." అందరు నవ్విండ్రు. నేను నవ్వలే. ఆ కంపెనీ అంటించిన నోటీసులన్నిట్ల నాకు నచ్చింది అదొక్కటే. బంతి పోయి ఏ మందు ట్యాంకుకో తగుల్తే ఊరేం గావాలె అన్నదాని మీద కూడా ఒకటి అంటిస్తరని చూసిన. అంటించలే.

హెల్మెట్ లేకుండనే విల్నర్ గోల్స్ కొట్టుకుంట పోయిండు. కంపెనీ సెమీ ఫైనల్ గెల్చిన దినం హెచ్చార్ మేనేజర్ రాజశేఖర్ సారు మైకు పట్టుకొని, "మన మాత్రల నాణ్యతే నేడు మన గోల్స్‌లో కనిపిస్తున్నది. ఈ విజయం యాజమాన్యం దూరదృష్టికి నిదర్శనం" అన్నడు. విల్నర్ పేరు చెప్పుడు మర్చిపోయిండు. అంత దూరం చూసేటోళ్లకు దగ్గరి మనుషులు ఎట్ల కనవడ్తరు?

నా పరేషాన్ వేరే. ఒకనాడు డాబా మీద మిరపకాయలు ఎండవోసుకుంట అడిగిన.

"బిడ్డా, నువ్వు చేసే పని ఏంది?"

"ఫుట్‌బాల్, ఆంటీ."

"ఆట సంగతి కాదు. పని, పని! కామ్ క్యా?"

"ఫుట్‌బాల్ హీ కామ్ హై, ఆంటీ."

మెల్లగ నాకొచ్చిన హిందీల గుచ్చి గుచ్చి అడిగితే సర్వీసంతా బయటవడ్డది. సొంత ఊర్ల ఒక క్లబ్బు. పక్క దేశంల ఒకటి. తర్వాత సైప్రస్, వియత్నాం, బంగ్లాదేశ్, కోల్‌కతా. అన్ని జాగలల్ల గోల్స్ కొట్టిండు, పేపర్ల ఫోటోలు పడ్డయి, జనం భుజాల మీద ఎత్తుకున్నరు. ఒక్క దేశమన్నా పర్మినెంట్ చేసిందా అంటే లేదు! ఎక్కడ చూసినా ఒక సీజన్ కాంట్రాక్టే. పీఎఫ్ లేదు. నాకు అన్నం సయించలే.

వాళ్లమ్మ వీడియోల మాట్లాడుతుంటే నేను గూడ మొఖం పెట్టిన. ఆమె వాళ్ల భాషల ఏమో అన్నది. నేను తెలుగుల, "నువ్వు ఫికర్ వెట్టుకోకమ్మా, పర్మినెంట్ చేపిస్త" అన్న. ఆమె నవ్వింది.

"ఏమంటుంది మీ అమ్మ?"

"ఈ మ్యాచ్‌ల ఎన్ని గోల్స్ కొట్టినవని అడుగుతుంది, ఆంటీ."

పాపం, పిలగాడు నా ముందట బాధ దాచుకుంటుండని సమజైంది. కన్నతల్లి పర్మినెంట్ సంగతి అడగక గోల్స్ అడుగుతదా?

ఇగ కాలనీ అంత లేచింది. మా ఎదురింటి సుమిత్ర నలుగురిని పోగుచేసింది. యూనియన్ లీడర్ నర్సింగ్‌ను వెంటవెట్టుకొని ఆడోళ్లమంత కంపెనీ గేటు కాడికి పోయినం. "పరాయి దేశంకెళ్లి మనల్ని నమ్ముకొని వచ్చిన బిడ్డను ఆటలల్ల పెట్టి ఆగం జేస్తరా?" అని నర్సింగ్ గొంతు చించుకున్నడు. మా మల్లేష్ అదే కంపెనీల ఏడేండ్ల సంది కాంట్రాక్టు మనిషి. ఏటా కొన్ని దినాలు ఇంట్ల కూసోవెట్టి మళ్ల కొత్తగ చేర్చుకుంటరు. చేరిన ప్రతిసారి కొత్త పెండ్లికొడుకు లెక్క పోతడు. పనిల పని ఆ సంగతి గూడ అడుగుమన్న.

నర్సింగ్ జాలిగ చూసిండు. "నీ కొడుకుకు గోల్ కొట్టరాదు గదక్కా!"

ఫైనల్ ముందర గొడవెందుకని యాజమాన్యం ఒప్పుకున్నది. విల్నర్‌కు పర్మినెంట్ ఆర్డర్ ఇచ్చిండ్రు. మొదటి నెలల ఒక్క దినం డ్యూటీ ఎగ్గొట్టినా ఆర్డర్ చెల్లదన్నరు. కాలనీల లడ్డూలు పంచినం.

ఫైనల్ ఆదివారం, బాయిలర్ల కంపెనీ గ్రౌండ్ల. అదే ఆదివారం అర్జెంటు మాల్ పోవాల్నని ప్యాకింగ్ ఇంచార్జి సంగయ్య పర్మినెంటోళ్లందరికీ డ్యూటీ వేసిండు. "ఆయనను ఆట కోసమే తెచ్చిండ్రు సార్" అని మల్లేష్ పోయి చెప్తే, సంగయ్య తలకాయ గూడ ఎత్తలే. "అప్పుడు కాంట్రాక్టోడు, ఆడిండు. ఇప్పుడు పర్మినెంట్. పర్మినెంట్ మనిషికి ఆటలేంది?"

మాట కరెక్టే. కాని విల్నర్ రూముల అటు ఇటు తిరుగుడు మొదలువెట్టిండు. ఫైనల్ చూసెతందుకు గోవా క్లబ్బు కోచ్ వస్తుండట. "నాకు ముప్పై రెండు, ఆంటీ. ఇంక నన్ను చూసెతందుకు ఎవ్వరు రారు. ఇదే ఆఖరు."

"ఆఖరైతే మంచిదే గదా బిడ్డా. ఇగ నిమ్మలంగ డ్యూటీ చేసుకో" అన్న. సుమిత్ర ఇంకా నయంగ చెప్పింది: "కాలు ఇర్గితే గోవోడు సూస్తడా? ఇక్కడైతే ఈఎస్ఐ ఉన్నది!"

ఆయన ఆట బూట్లు తుడుసుకుంట కూసున్నడు. నాకు భయమైంది. శనివారం సాయంత్రం ఆయన ఆట బూట్లు తీసి బియ్యం డ్రమ్ముల దాచిన. ఇంట్ల ఏ తల్లి అయినా చేసే పనే.

ఆదివారం పొద్దున డ్రమ్ముల చెయ్యి పెడితే బూట్లు లేవు, మల్లేష్ గూడ లేడు. నేను దాచే జాగలన్నీ చిన్నప్పటి సంది వానికి ఎరికే. ప్యాకింగుల విల్నర్ లేడని కంపెనీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నేను దేవుని కాడ దీపం వెట్టి, "ఆ బంతి ఆయన కాలికి తగలకుండ చూడు స్వామీ" అని మొక్కిన.

దేవుడు వినలే. విల్నర్ రెండు గోల్స్ కొట్టిండు. మందుల కంపెనీకి కప్పు వచ్చింది.

సోమవారం కంపెనీల సన్మాన సభ పెట్టిండ్రు. రాజశేఖర్ సారు విల్నర్ మెడల గజమాల వేసి, "ఈ మహనీయుని పట్టుదలను ప్రతి కార్మికుడు ఆదర్శంగా తీసుకోవాలి" అన్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు. చప్పట్లు ఆగినంక అదే మైకుల, "నిన్న అనుమతి లేకుండా విధులకు గైర్హాజరు అయినందున వీరి నియామకాన్ని రద్దు చేయడమైనది" అని చదివి కాయితం చేతిల పెట్టిండు. అప్పుడు గూడ జనం చప్పట్లు కొట్టిండ్రు. సభ మర్యాద అది. ఆదర్శంగ తీసుకొని విల్నర్‌కు బూట్లు మోసుకపోయిన మల్లేష్‌ను ఇంకోసారి ఇంట్ల కూసోవెట్టిండ్రు.

విల్నర్ రెండు దినాలల్ల ఆ కోచ్ ఎంబడి గోవా పోయిండు. పోయేటప్పుడు నా కాళ్లు మొక్కి నవ్వుకుంట ఆటో ఎక్కిండు. పర్మినెంట్ పోయినోడు అట్ల నవ్వుతుంటే చూడలేక నేను లోపలికి వచ్చిన.

ఇప్పుడు ఆయన ఆట టీవీల వస్తది. వానల తడుసుకుంట ఉరుకుతనే ఉంటడు. గోల్ కొట్టినప్పుడల్లా వేల మంది లేచి అరుస్తరు. మా ఇంట్ల మాత్రం సప్పుడు ఉండది. సుమిత్ర కొంగుతోని కండ్లు ఒత్తుకుంటది. "ఈ పాటికి మన దగ్గర ప్యాకింగ్ సూపర్‌వైజర్ అయ్యేటోడు గదా, వనజక్కా!"

కాలనీ తల్లులు ఇప్పుడు మ్యాచ్ ఉన్న దినం పిల్లలను మా ఇంటికి తోలుకొస్తుండ్రు. టీవీ ముందట వరుసగ కూసోవెట్టి చూపిస్తున్నం. "సూసిండ్రా? సదువుకోకుండ బంతి ఎంబడి ఉరికితే గిట్లనే టీవీల పడ్తరు!" పిల్లలు కండ్లార్పకుండ చూస్తరు. బాగ భయపడ్డట్టే ఉన్నరు. మీరు గూడ మీ పిల్లలను తోలుకరాండి. జెర జల్దీ రావాలె, కూసునెతందుకు జాగ చాలుతలేదు.