అమ్మ ఫిల్టరు పరీక్షకెళ్ళింది

ఆ ఉదయం చేయాల్సిన పని చాలా చిన్నది. రెండు సీసాల్లో నీళ్ళు పట్టాలి, ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో అమ్మ ఫిల్టరు నీళ్ళు. తమ్ముడు ఆఫీసుకు పోతూ వాటిని నీళ్ళ ల్యాబులో ఇచ్చి వెళ్తాడు. అంతే. ఇంత దానికి వీధి వీధంతా కదిలొస్తుందని ఆ ఇంటి అక్క కలలో కూడా అనుకోలేదు. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది.

గొడవ నాలుగు రోజుల కిందట మొదలైంది. "అక్కా, కుళాయిలో మట్టి రంగు నీళ్ళొస్తున్నాయి. నీ మరదలికి నెలలు నిండుతున్నాయి. ఆ డొక్కు ఫిల్టరు తీసేసి ఆర్వో మెషీను పెట్టిద్దాం" అన్నాడు తమ్ముడు. ఆ రోజు నుంచి ఫిల్టరు నీళ్ళు ఎవర్నీ ముట్టనివ్వకుండా కొట్టు నుంచి క్యాన్లు మోసుకొస్తున్నాడు.

"డొక్కా? అది అమ్మ కొన్నదిరా!" అని అక్క కయ్యిమంది. చివరికి ఒప్పందం కుదిరింది. ల్యాబులో పాసైతే ఫిల్టరు ఉంటుంది. ఫెయిలైతే ఆదివారం పాతసామాన్ల బండెక్కుతుంది.

రెండంతస్తుల స్టీలు ఫిల్టరది. పై అంతస్తులో నీళ్ళు వడకట్టే రెండు తెల్లటి పింగాణీ క్యాండిళ్ళు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అమ్మ పాత టూత్‌బ్రష్షు పట్టుకుని వాటిని తోమేది. అక్క చెంబుతో నీళ్ళు పోసేది. తమ్ముడి పని మాత్రం చేతులు కట్టుకుని దూరంగా కూర్చోవడం. ఏడేళ్ళప్పుడు వాడొక క్యాండిలు జారవిడిచి ముక్కలు చేశాడు మరి. అప్పుడు "నేనే పగలగొట్టానమ్మా" అని తిట్లన్నీ తిన్నది అక్క. తోమడం అయ్యాక మొదటి గ్లాసు నీళ్ళు తిట్లు తిన్నవాళ్ళకే ఇచ్చేది అమ్మ. ఇప్పటికీ ఆ ఫిల్టర్లో చుక్కలు పడే చప్పుడు వింటే అమ్మ వంటింట్లోనే ఉన్నట్టుంటుంది అక్కకి. దాన్ని బండెక్కించడమంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమంటోంది.

అందుకే ఆ ఉదయం పరీక్షకి ముందు పిల్లకి తల దువ్వినట్టు క్యాండిళ్ళని ఒకసారి తోమింది. కాస్త గట్టిగానే తోమింది. టప్‌మని ఒక క్యాండిలు నిలువునా చీలింది.

"ఓరి భగవంతుడా!" అని అక్క నోరు నొక్కుకుంది. ఇప్పుడేం చేయాలి? అటు తమ్ముడు చెప్పులేసుకుంటున్నాడు. చేతికందేంత దూరంలో ఆవిరి ఇస్త్రీపెట్టెలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఉంది. అక్క ముందూ వెనకా చూడలేదు. ఫిల్టరు సీసాని దాంతో నింపి మూత బిగించింది.

మర్నాడు తమ్ముడు ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా! ల్యాబావిడ ఫోన్ చేసింది. మన ఫిల్టరు నీళ్ళలో మట్టి లేదు, క్రిములు లేవు, అసలు ఉప్పు రేణువు కూడా లేదట! క్యాండిలు మట్టిని ఆపుతుంది గానీ, కరిగిన ఉప్పుని ఆపడం ఇన్నేళ్ళ సర్వీసులో చూడలేదంది. రేపు స్వయంగా చూడ్డానికొస్తానంది!"

అక్క నోట్లోని గుండుసూది కింద పడింది.

"ఎందుకురా పాపం, ఆవిడకి శ్రమ..."

"శ్రమేంటి? ఆఫీసంతా చెప్పేశాను!"

ఆఫీసుతో ఆగితే బాగుండేది. తమ్ముడు పక్కింటి పిన్నిగారికీ చెప్పాడు. ఆవిడకి చెప్పాక వీధిలో ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు. తెల్లారేసరికి గుమ్మం ముందు క్యాన్లు, బకెట్లు, చెంబులు బారులు తీరాయి. "మా ఆయనకి మోకాళ్ళ నొప్పులమ్మా, ఒక్క సీసా పట్టుకుంటా" అంటూ పిన్నిగారు అందరికంటే ముందు నిలబడింది. మరదలు నిండు పొట్టతో కుర్చీ వేసుకుని "తోసుకోకండి, వరసలో రండి" అని అజమాయిషీ మొదలుపెట్టింది.

ఇంతలో ల్యాబావిడ పెట్టె పట్టుకుని దిగింది. ఫిల్టరు మూత మీద చెయ్యి వేసింది. ఇక లాభం లేదని అక్క అడ్డం పడింది.

"ఆగండమ్మా! మీకిచ్చినవి ఫిల్టరు నీళ్ళు కావు. ఇస్త్రీపెట్టెలో పోసే నీళ్ళు. క్యాండిలు నా చేతిలోనే పగిలింది. అమ్మ వస్తువు పోతుందని తప్పుడు పని చేశాను. చంటిబిడ్డ రాబోయే ఇంట్లో చేయాల్సిన పని కాదిది." అక్క కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంది.

ల్యాబావిడ పగిలిన క్యాండిలు తీసి వెలుతురులో తిప్పి చూసింది. "ఇది నిన్నా మొన్నా పగిలింది కాదండీ. ఇదిగో, చీలిక పొడుగునా జిగురుంది. ఎవరో అతికించారు."

అందరూ జిగురు చూస్తుంటే అక్క మాత్రం తమ్ముణ్ణి చూసింది. వాడు అప్పటికే చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"ఆర్వో మాటెత్తిన రోజు పొద్దున... నీకు సాయం చేద్దామని తోమానక్కా. జారిపోయింది. అమ్మది మళ్ళీ పగలగొట్టానని నీకెలా చెప్పను? కొత్త మెషీనొస్తే దీని సంగతి బయటపడదనుకున్నా. తీరా ల్యాబులో పాసైందనేసరికి నా అతుకు నిలబడిందని సంబరపడిపోయా."

"నీ దుంపతెగ!" అంది అక్క. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయావిడకి. "ఏడేళ్ళప్పుడూ ఇదే మొహం పెట్టావురా!"

ల్యాబావిడ గొంతు సవరించుకుంది. "మీ కుళాయి సీసా మాత్రం నిజమైనదేగా? అందులో సీసం లాంటి విషలోహాలు లేవు, ఉప్పులూ తక్కువే. ఆర్వో మెషీను మీకు దండగ. ఉన్నదల్లా మేడ మీది ట్యాంకు తుప్పు, మట్టి, కాసిని క్రిములు. ట్యాంకు కడిగించండి, కొత్త క్యాండిళ్ళు వేయండి. వడకట్టిన నీళ్ళు మరిగించి తాగండి, బిడ్డ పుట్టాక కూడా. ఈ ఫిల్టరు మీ ఇంటికి సరిగ్గా సరిపోతుంది."

ఆదివారం మధ్యాహ్నం ట్యాంకు కడగడం పూర్తయింది. అక్క కొత్త క్యాండిళ్ళు బిగించింది, మరదలు చెంబుతో నీళ్ళు పోసింది, తమ్ముడు చేతులు కట్టుకుని దూరంగా కూర్చున్నాడు. మరిగించి చల్లార్చిన మొదటి గ్లాసు నీళ్ళు అక్క వాడికే ఇచ్చింది, ఈసారి తిట్లు తిన్నది వాడే కనుక.

అప్పుడే గుమ్మంలో క్యాను పట్టుకుని పిన్నిగారు కనబడింది. "అంతా విన్నానమ్మా, అర్థమైంది. ఇంతకీ ఆ ఇస్త్రీపెట్టె నీళ్ళు ఏ కొట్లో దొరుకుతాయి?"