ముందుగా తెలియజేయడమైనది

“చేరబోయే మనిషికి తాను ఏం చదవబోతున్నాడో తెలియకపోవడం ప్రజాస్వామ్యానికే మచ్చ” అని వయోజన విద్యామంత్రి దశరథరామయ్యగారు తెనాలి సభలో ప్రకటించారు. అది తొంభై ఒకటో సంవత్సరం. ఒక పత్రికకు తెనాలి వార్తలు పంపేవాణ్ణి కనక ముందు వరసలో కూర్చుని, కుడిచేత్తో రాసుకుంటూ ఎడమచేత్తో తొడ మీద చప్పట్లు కొట్టాను.

మంత్రిగారు అంతటితో ఆగలేదు. “రాత్రిబడిలో చేరే మా అక్కయ్యలకీ, బాబాయిలకీ ఆ కోర్సేంటి, మేం వాళ్ళ దగ్గర్నుంచి ఏం ఆశిస్తున్నాం, అంతా స్పష్టంగా, ముందుగా, లిఖితపూర్వకంగా తెలియజేస్తాం!”

“లిఖితపూర్వకంగా” అన్నచోట సభ దద్దరిల్లింది.

ఆ బాధ్యత ప్రాజెక్టు ఆఫీసరు వేంకటసుబ్రహ్మణ్యంగారి మీద పడింది. ఆయన తెలుగు ఎమ్మే. నిజాయితీపరుడు. పని చెప్తే చేసే రకం. పండక్కి కూడా సెలవు పెట్టకుండా ‘అభ్యాసకుల నుండి ఆశించు ప్రమాణములు’ అనే పుస్తకం రాసేశారు. దాన్ని మంచి నున్నటి కాగితం మీద, మంత్రిగారి బొమ్మతో, తెనాలిలోనే అచ్చు వేయించారు. అందులో ఆఖరి నిబంధన నాకు బాగా నచ్చింది: “పై ప్రమాణములను స్వయముగా చదివి, అవగాహన చేసికొని, సంతకము చేసినవారే కోర్సునకు అర్హులు.”

మొదటి ప్రయోగానికి నందివెలుగును ఎంపిక చేశారు. ఆఫీసరుగారి జీపులో నేనూ వెళ్ళాను.

పంచాయతీ ఆఫీసు అరుగు నిండా ఆడవాళ్ళు కూర్చున్నారు. అందరికంటే ముందు రాఘవమ్మ. తెనాలిలో పెరుగు అమ్ముకుని బతికే మనిషి. కిందటేడు కూతురికి నొప్పులొస్తున్నాయని కబురు తెలిసి, గాభరాగా రేపల్లె బస్సనుకుని బాపట్ల బస్సెక్కింది. మర్నాడు రేపల్లె చేరేసరికి మనవడు పుట్టడమూ అయింది, అమ్మమ్మ రాలేదని వియ్యపురాలు వీధి వీధంతా చెప్పడమూ అయింది. అప్పట్నుంచి ఆవిడకు ఒకటే పట్టుదల. బస్సు మీద రాసింది తన కళ్ళతో తనే చదవాలి.

ఆఫీసరుగారు ఆవిడ చేతిలో పుస్తకం పెట్టారు.

“ఇదేంటి బాబూ?”

“కోర్సు గురించి నీకు తెలియాల్సిందంతా ఇందులో ఉందమ్మా. చదువుకో.”

“చదువు రాకే గదయ్యా వచ్చింది!”

“అది చేరాక వస్తుంది. ఇది చేరకముందు చదవాల్సింది.”

రాఘవమ్మ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది. “పోనీ ముందు ఈ పుస్తకం చదవటం నేర్పండి. తర్వాత మీ కోర్సులో చేరతాం.”

“అలా నేర్పటానికి మాకు అధికారం లేదమ్మా. కోర్సులో చేరినవాళ్ళకే మేం నేర్పాలి” అన్నారు ఆఫీసరుగారు. మంచి మనసు కనక పుస్తకం తనే తీసుకుని, “అభ్యాసకుడు స్వయంప్రేరితుడై, క్రమశిక్షణాబద్ధుడై” అంటూ రాగయుక్తంగా రెండు పేజీలు వినిపించారు. రాఘవమ్మ చెంపలేసుకుని దణ్ణం పెట్టింది. వెనకున్నవాళ్ళూ పెట్టారు. ప్రసాదం ఉంటుందేమోనని కాసేపు కూర్చుని, లేచిపోయారు.

ఈ సంగతి బాపట్ల గెస్టు హౌసులో మంత్రిగారికి నివేదించారు. ఆయన టిఫిన్ చేయడం ఆపి, గంభీరంగా కళ్ళు మూసుకున్నారు.

“అక్షరాలు చిన్నవయ్యుంటాయి” అన్నారు.

అంత సూక్ష్మబుద్ధి నేనెక్కడా చూడలేదు. అక్షరాలు పెంచారు. పుస్తకం అప్పడాల పీటంత అయింది. అయినా ఎవరూ చదవలేదు. రంగు లేకపోవడం వల్లేమో అన్నారు మంత్రిగారు. ప్రమాణములన్నీ నందివెలుగు గోడల మీద ఎర్రరంగుతో రాయించారు. వారం తిరక్కుండా “స్వయంప్రేరితుడై” మీద ఎవరో పిడకలు కొట్టారు. ఈలోగా సర్టిఫికెట్లు పంచే సభ రేపల్లెలో ఖాయమైపోయింది. కోర్సులో మాత్రం ఇంకా ఒక్కరూ చేరలేదు.

అప్పుడు ముందుకొచ్చాడు బసవేశ్వరరావు. పార్టీ మండల కార్యదర్శి. ఆయన ఆఫీసరుగారిని సూటిగా అడిగాడు: “చదివి సంతకం పెట్టినవాళ్ళు అర్హులన్నారు. చదువు రానివాళ్ళే చేరాలని మీ పుస్తకంలో ఎక్కడుందండీ?”

ఆఫీసరుగారు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే బసవేశ్వరరావు, నందివెలుగులో ఉండే రిటైరైన హెడ్మాస్టరు అచ్యుతరామయ్యగారింటికి వెళ్ళాడు. కూడా నేనూ ఉన్నాను.

“మాస్టారూ, మీరు రాత్రిబడిలో చేరాలి.”

“పాఠం చెప్పటానికా?”

“కాదండి. చదువుకోటానికి.”

“నాకు చదువొచ్చు గదయ్యా! నీకు అక్షరాలు దిద్దించింది నేనేగా!”

“అందుకేనండి. ఊరు మొత్తమ్మీద మీకున్నంత అర్హత ఎవరికుంది?”

మాస్టారు పడక్కుర్చీలో వెనక్కి వాలారు. వాకిట్లో రాఘవమ్మ పెరుగు కొలిచి పోస్తోంది. ఆవిడవైపు చూశారు. బడంటూ తెరుచుకుంటే వెనక మూల కూర్చునైనా నాలుగక్షరాలు నేర్చుకుంటుంది కదా అనుకున్నారట. తర్వాత నాతో చెప్పారు. సంతకం పెట్టేశారు. ఆయన వెనకాలే ఇద్దరు ట్యూషన్ మాస్టర్లు, ఒక బ్యాంకు గుమాస్తా, పోస్టుమాస్టరుగారి భార్య చేరారు.

బడి తెరిచారు. రాఘవమ్మ కొత్త పలక కొనుక్కుని వచ్చింది. వాకిట్లోనే బసవేశ్వరరావు అడ్డం నిలబడ్డాడు.

“సంతకం పెట్టావా అక్కా?”

“ఎట్టా పెడతాను తమ్ముడూ?”

“మరి రూలు రూలేగా! లోపల అర్హులు చదువుకుంటున్నారు. గోల చేయకూడదు.”

మాస్టారు లోపల్నుంచి లేచి వచ్చి, “నా పక్కన కూర్చుంటుంది, రానీవయ్యా” అన్నారు. ఆఫీసరుగారు ఎంతో మర్యాదగా ఆయన భుజం పట్టుకుని, “విద్యార్థి మధ్యలో లేవకూడదండి” అని తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. రాఘవమ్మ పలక కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పరీక్షలో అందరికీ ఫస్టుక్లాసు వచ్చింది. ప్రశ్నపత్రంలో తప్పులు దిద్దినందుకు మాస్టారికి మాత్రం సెకండుక్లాసు.

రేపల్లె సభకు మంత్రిగారు పూలజీపులో వచ్చారు. మాస్టారిని వేదిక మీదకు పిలిచి చేతికి పేపరిచ్చారు. “భయపడకు బాబాయ్. కూడబలుక్కుని చదువు.”

మాస్టారు సంపాదకీయం గుక్క తిప్పుకోకుండా చదివేశారు. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. “మొన్నటిదాకా అ అంటే ఏంటో తెలీని మనిషి!” అని గద్గదస్వరంతో అన్నారు. మాస్టారు మైకు దగ్గరికి వంగి ఏదో చెప్పబోయారు. సరిగ్గా అప్పుడే బసవేశ్వరరావు బంతిపూల దండ వేశాడు. అది ముక్కు దాకా వచ్చింది. నందివెలుగులో ఇక నిరక్షరాస్యులే లేరని మంత్రిగారు ప్రకటించారు. ఫోటోతో సహా నా వార్త జిల్లా పేజీలో పైనే పడింది. మాస్టారి ఇంటిపేరు కూడా తప్పు పడలేదు.

మరుసటి నెల మాస్టారికి పింఛను రాలేదు.

ఇద్దరం కలిసి పింఛను ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి గుమాస్తా చాలా గౌరవంగా కుర్చీ వేశాడు.

“మీ వార్త చదివానండి. ఈ వయసులో చదువు నేర్చుకోటం సామాన్యం కాదు. కాకపోతే చిన్న చిక్కొచ్చింది. మొన్ననే అక్షరాలు నేర్చిన మనిషి అన్నేళ్ళు హెడ్మాస్టరుగా ఎలా చేశారని పైనుంచి అడుగుతున్నారు.”

“నాకు అప్పుడే చదువొచ్చయ్యా!”

“మంత్రిగారు అబద్ధమాడారంటారా?”

మాస్టారు కుర్చీలోంచి లేచారు. అక్కణ్ణుంచి ఆఫీసరుగారి దగ్గరికి వెళ్తే ఆయన కూడా బాధపడ్డారు. “మీకు చదువు ముందే వచ్చని నేను రాసిస్తే మా ఫలితాలు దెబ్బతింటాయండి. ఫలితాలంటే నావి కావు, ప్రజలవి.”

చివరికి పింఛను గుమాస్తాయే దారి చూపించాడు. మాస్టారు ముందునుంచీ చదువుకున్న మనిషేనని, మీ ఊరివాళ్ళు ఎవరైనా వచ్చి రాసిస్తే చాలన్నాడు. తోటి విద్యార్థుల్ని అడిగాం. ట్యూషన్ మాస్టర్లకు జ్వరం. బ్యాంకు గుమాస్తాకు ఆడిట్. పోస్టుమాస్టరుగారి భార్య పుట్టింటికి వెళ్ళింది.

పెరుగు బుట్ట పక్కింట్లో దించి, రాఘవమ్మ వచ్చింది.

“ఈయనకి చదువు రాదంటారా!” అంటూ ఆఫీసు గుమ్మంలోనే అందుకుంది. “ఎక్కాలు రాలేదని మా తమ్ముడికి ఈయన పెట్టిన తొడపాశం ఊరంతా చూసింది. మా అయ్య కార్డు రాయించుకోవాలంటే ఈయన దగ్గరికే వచ్చేవాడు. ఎంత పొద్దుపోయినా కాదనేవాడు కాదు. రాసుకోండి బాబూ, అట్టాగే రాసుకోండి.”

గుమాస్తా ముఖం విప్పారింది. అంతా పొందిగ్గా రాశాడు, చదివి వినిపించాడు. రాఘవమ్మ అవునంది. మాస్టారు జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“ఇక్కడ సంతకం పెట్టమ్మా.”

“సంతకం రాదు బాబూ” అంటూ ఆవిడే బల్ల మీది ఇంకు ప్యాడు దగ్గరికి లాక్కుని బొటనవేలు అద్దింది.

వేలు కాగితానికి తగిలేలోపు గుమాస్తా ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

“నీది ఏ ఊరన్నావమ్మా?”

“నందివెలుగు బాబూ.”

“ఆ ఊళ్ళో సంతకం రానివాళ్ళు లేరు” అని ప్యాడు మూత పెట్టేశాడు.