కుర్చీలకు గ్రీజు

నాగరికత అంటే ఒక ఇనుప ముక్క మరో ఇనుప ముక్క మీద జారడమే. ఒప్పుకోనివాళ్లు ఎవరైనా ఉంటే సీతాఫలాల కాలంలో బోడగుట్ట స్టేషన్ బయట ఆగిపోయిన ప్యాసింజర్ రైల్లో ఒక పూట కూర్చుని రావాలి (కూర్చోవడానికి జాగా దొరికితే).

రైలు ఒక దారి నుంచి ఇంకో దారిలోకి మారే చోటును పాయింటు అంటారు. అక్కడ కదిలే పట్టా ఇనుప పీఠాల మీద జారుతుంది. రైల్వేవాళ్లు ఆ పీఠాన్ని చైర్ అంటారు. దాని మీద ఎవరూ కూర్చోరు. ఈ సంగతి పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే గుర్తుంచుకోవలసినవాళ్లు మరిచిపోయారు.

షాద్‌నగర్ అవతలి బోడగుట్టలో ఈ పాయింట్లను చూసుకునేవాడు ఏసోబు. వానలు వెనక్కి తగ్గేసరికి చైర్లు తుప్పు పట్టాయి. పట్టా కదలనని మొండికేసింది. రోజూ నేను పట్నం పోయే రైలు ఊరి బయట నిలబడిపోయింది. అదే పెట్టెలో గుర్వమ్మ, ఆమె గంపలు. గుట్టల మీద తిరిగి తెంపిన సీతాఫలాలను పట్నంలో అమ్ముకుంటేనే ఆమె ఇంట్లో ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. సీతాఫలానికి ఒక దుర్గుణం ఉంది. మాగడం మొదలుపెట్టాక అది ఏ అధికారి అనుమతి కోసమూ ఆగదు. మేం పట్నం చేరేసరికి పైవరస పండ్లు గుజ్జయ్యాయి. ఆమె ఒక్కో పండూ తీసి, నొక్కి చూసి, పక్కన పెట్టింది.

ఏసోబు ఆ రోజే పై ఆఫీసుకు వాట్సాప్‌లో మొర పెట్టుకున్నాడు. "చైర్లు బిగుసుకున్నయి సారూ, కదుల్తలేవు. జర మంచి గ్రీజు పంపుండ్రి."

అక్కడ కందెనల ఎంపిక అధికారి అమరేందర్ గారు (కందెన అంటే బండి ఇరుసుకు పూసేదని వాళ్ల అవ్వకు తెలుసు, ఆయనకు మాత్రం నిఘంటువు తెప్పించారు). ఆ మొర చదివి ఆయన చలించిపోయారు. ఎందుకంటే ఆయన కుర్చీ కూడా బిగుసుకుంది. కిటికీ వైపు తిరిగినప్పుడల్లా కీచుమంటోంది. ఎక్కడో బోడగుట్టలో ఉన్న చిన్న ఉద్యోగి పై ఆఫీసు కష్టాన్ని అంత దూరం నుంచి గ్రహించాడని మెచ్చుకుని వెంటనే కమిటీ వేశారు. అందులోకి స్నిగ్ధ గారిని తీసుకున్నారు. ఆ పేరుకు జిడ్డు అనే అర్థం కూడా ఉందని అదే నిఘంటువులో తేలింది.

పరీక్షలన్నీ క్షేత్రస్థాయిలో, అనగా కమిటీ సభ్యుల కింద, జరిగాయి. నల్ల గ్రీజు ప్యాంటుకు అంటుతోందని తిరస్కరించారు. వాడిన ఇంజిన్ ఆయిల్ వాసనకు భోజన విరామం చెడుతోందన్నారు. గ్రాఫైట్ పొడికి తెల్ల చొక్కాలు అభ్యంతరం తెలిపాయి. ఒకసారి పట్టాల దగ్గరికి పోయి చూద్దామా అని స్నిగ్ధ గారు అడిగారు. పట్టాల దగ్గర కుర్చీలెందుకుంటాయని మిగతావాళ్లు నవ్వారు. కొత్తగా చేరిన మనిషి కాబట్టి ఆమె కూడా వాళ్లతోపాటే నవ్వేశారు.

ఇక్కడ గుర్వమ్మకు ఓపిక నశించింది. ఒక పొద్దున సీసా పట్టుకొచ్చింది.

"ఏసోబన్నా, మా చెల్కల పండిన ఆముదమే. బండి ఇర్సుకు పోస్తలేమా? గీడ గూడ జర పొయ్యి."

పోశాడు. పట్టా సిగ్గుపడ్డట్టు పక్కకు జరిగింది. వారం రోజులు రైలు ఆగలేదు, గుర్వమ్మ పండ్లు గట్టిగా పట్నం చేరాయి. నాకు కూడా ఒక పండు చేతిలో పెట్టింది.

తర్వాత తనిఖీ వచ్చింది. ఆమోదం లేని ఆముదం వాడినట్టు రుజువైంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్న సామెత రైల్వే నిబంధనల్లో లేదు. కిరోసిన్‌తో చైర్లన్నీ తళతళలాడేట్టు కడిగించి, ఏసోబుకు మెమో ఇచ్చారు. ఆముదం పోసింది పట్టాకే అయినా, ముఖం మాత్రం తాగినవాడిలా పెట్టాడు పాపం. మర్నాడు రైలు యథాస్థానంలో నిలబడింది.

ఎట్టకేలకు కమిటీ ఒక తెల్ల గ్రీజును ఎంపిక చేసింది. వాసన ఉండదు, బట్టలకు అంటదు. ఆఫీసులో ఉన్న చైర్లన్నిటికీ పూశారు. కోరిన పాయింటు పరిష్కారమైందని ఫైలు మూశారు. సమాచారం నిమిత్తం ఖాళీ డబ్బాను బోడగుట్టకు పంపారు.

ఆ డబ్బాను చూశాక గుర్వమ్మ గంప ఎత్తుకుని నేరుగా పట్నంలోని అమరేందర్ గారి గదికి పోయింది. దారి చూపడానికి నేను వెంట వెళ్లాను. ఆమె గంపను బల్ల మీదే దించింది.

"సారూ, గ్రీజు పంపిన్నంటున్నవట. ఆడ పట్టా కదుల్తలేదు. పండు ఆగదు సారూ. గీ కాలం పోతే ఏడాది దాంక మాకు ఇంకేం లేదు."

అమరేందర్ గారు గంపలోకి చూశారు. నల్లబడ్డ పండ్ల మీద ఈగలు ముసురుతున్నాయి. సంబంధిత విభాగానికి చెబుతామన్నారు. సంబంధిత విభాగం తమరే కదా అని నేను అన్నాను. ఆయన కుర్చీతో సహా కిటికీ వైపు తిరిగారు.

ఇసుమంతైనా చప్పుడు కాలేదు.