గిటారు డబ్బాలో గాజు వాల్వుల చోరీ

"టమోటా బుట్టను పైనుంచి చూసి అడుగున ఎన్ని కుళ్ళినాయో చెప్పేవాణ్ణి. ఇంక మనుషులెంతప్పా? నా కన్ను పడిన నేరస్తుడు ఈ జిల్లా దాటలేడు."

కుప్పం కల్యాణమండపం వేదికెక్కి ఇలా ప్రకటించినవాడు మదనపల్లె మండీ వ్యాపారి ముద్దుకృష్ణ. డిటెక్టివ్ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. కుప్పంలో బస్సెక్కితే అరగంటలో జిల్లానే కాదు, రాష్ట్రమే దాటొచ్చని అతని స్నేహితుడు రిజ్వాన్ చెప్పలేదు. తన బాధలో తానున్నాడు.

రిజ్వాన్ మదనపల్లెలో చెప్పుల అంగడి నడుపుతూ, కుప్పుస్వామి ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. ఇన్నాళ్ళూ గిటారు మోతను పెంచే యాంపును, లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులుండేదాన్ని, మోశాడు. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. పుంగనూరు రోడ్డు గుంతలకు ఒక వాల్వు పోతే, పెళ్ళివారి జనరేటరుకు ఇంకొకటి పోయేది. ఎటు తూచినా నష్టమేనని దాన్ని అమ్మేసి, ఈ రెండువేల నాలుగులోనే, పోయిన వారం బెంగుళూరు వెళ్ళి చెప్పుల పెట్టెంత డిజిటల్ డబ్బా తెచ్చుకున్నాడు. పాత యాంపుల గొంతులన్నీ అది అనుకరిస్తుందన్నారు. తీరా ఈ మధ్యాహ్నం మండపం సౌండ్ సిస్టానికి తగిలిస్తే రేకు మీద ఇసుక పోసినట్టు గీరింది.

కుప్పుస్వామి చెవిలోంచి వేలు తీసి తీర్పు చెప్పాడు. "రిసెప్షన్ మొదలయ్యే లోపల ఇది బాగు కాలేదంటే గిటారు ముక్కలు గూడా గురప్పే కీబోర్డు మీద వాయిస్తాడు. ఇంక నిన్ను పిల్చేది లేదు రిజ్వాన్."

పెళ్ళి భోజనం కోసం ఆర్కెస్ట్రా వ్యానెక్కి వచ్చిన ముద్దుకృష్ణ కేసు చేపట్టాడు. ముందుగా అట్టపెట్టెను పరీక్షించాడు. దాని మీద ఎర్రగా వెలిగే వాల్వుల బొమ్మ ఉంది. తర్వాత స్క్రూలు విప్పించి డబ్బా లోపలికి తొంగిచూశాడు. పచ్చటి పలక, నల్లటి చిప్పులు తప్ప ఏమీ లేవు.

"పెట్టె మీద సూపించిన సరుకు పెట్టెలో లేదు. దొంగ మనలోనే ఉండాడు" అన్నాడు గొంతు తగ్గించి.

ఇందులో అసలు వాల్వులే ఉండవని రిజ్వాన్ రెండుసార్లు చెప్పాడు. ఫిర్యాదుదారే సాక్ష్యం మార్చడం పెద్ద కేసుల్లో మామూలేనని ముద్దుకృష్ణ కొట్టిపారేశాడు. రిజ్వాన్ స్క్రూలు బిగించి, డబ్బాను కాళ్ళ దగ్గర పెట్టి, వైర్లు తగిలించి, గిటారు మెడలో వేసుకున్నాడు. ఈలోగా డిటెక్టివ్, ఎవరికి లాభమో వాడే దొంగ అనే సూత్రంతో గురప్ప సంచిలో చెయ్యి పెట్టాడు. గాజు తగిలింది.

"దొరికినాయి" అని పైకెత్తాడు. నాలుగు హోమియో మందు సీసాలు.

"మూలవ్యాధికి వాడతాండానప్పా. యాల అందరికీ సూపిస్తావు?" అని గురప్ప సంచి లాక్కున్నాడు. ఆ ఊపుకు ముద్దుకృష్ణ వెనక్కి తూలి, తన బరువంతా మడమ మీద మోపి డబ్బాను తొక్కాడు. అయ్యో అంటూ వంగిన రిజ్వాన్ చెయ్యి తీగలకు తగిలింది.

మండపం నిండా పాత యాంపు గొంతు, గుండ్రంగా, వెచ్చగా.

యాంపుకైతే సొంత స్పీకరు పెట్టె ఉండేది. ఆ పెట్టె గొంతును కూడా అనుకరించే మీట ఈ డబ్బాలో వేరే ఉంది. మధ్యాహ్నం నుంచి అది ఆపి ఉంది, అందుకే ఆ గీరుడు. మడమ దాన్ని నొక్కింది.

"ఇదీ గిటారంటే" అన్నాడు కుప్పుస్వామి. "ఎల్లుండి బైరెడ్డిపల్లెకు గూడా వచ్చెయ్ రిజ్వాన్."

ముద్దుకృష్ణ చొక్కా సర్దుకున్నాడు. "నా దెబ్బకు దొంగ భయపడి వాల్వులు తిరిగి పెట్టేసినాడు. సూసినారా?"

నిజం చెబితే మీట తెలియకుండా డబ్బా కొన్నవాడినని తానే ఒప్పుకోవాలి. రిజ్వాన్ లాభనష్టాలు బేరీజు వేసుకుని, అవునన్నట్టు తలాడించాడు.