వంద డిగ్రీల దగ్గర చిక్కదనం

ఆ శనివారం పొద్దున క్లిమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత నీలం కారులో నూనె మార్చాలి. కాఫీ తాగాలి. భార్య త్స్వేతను ఎక్కించుకుని కనుమ దాటి ప్రెస్పా తోటలకు వెళ్ళి, చలికాలానికి సరిపడా ఆపిళ్ళు తెచ్చుకోవాలి. సరస్సు మీద పొగమంచు ఇంకా లేవలేదు. ఓహ్రిడ్ ఊరంతా సగం నిద్రలో, సగం నీళ్ళలో ఉన్నట్టుంది.

ఆ ఊళ్ళో వంటలో పోసేదాన్నీ, ఇంజన్లో పోసేదాన్నీ, ఆఖరి గడియల్లో ఫాదరీ వచ్చి నుదుట రాసేదాన్నీ కూడా నూనె అనే అంటారు. క్లిమెకు మాత్రం నూనె అంటే ఇంజన్ నూనే. ఆయన బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. నూనె కంపెనీల డేటా షీట్లు చదువుతుంటే ఆయనకు దేశాలు కనిపించేవి. 'మైనస్ నలభై రెండు దాకా గడ్డకట్టదు' అన్న వరుస దగ్గర తెల్లటి మైదానాలు పరుచుకునేవి, దూరంగా ఒక జింక తల తిప్పి చూసేది. 'రెండు వందల ముప్పై దగ్గర ఆవిరికి నిప్పంటుకుంటుంది' అన్నచోట ఎడారి గాలి వీచేది. వంద డిగ్రీల దగ్గర చిక్కదనం ఎంతో చెప్పే అంకె దగ్గరికొచ్చేసరికి ఏదో నది డెల్టాలోకి చేరినట్టు ఆయన కళ్ళు మెల్లగా మూతపడేవి.

ఈమధ్య ఆ కాగితాలను దిండు కింద దాస్తున్నాడు. దానికి కారణం తమ్ముడు నౌమ్. సరస్సులో పడవ నడిపే నౌమ్, పాత ఇంజన్లకు చిక్కటి నూనే పోయాలనేవాడు. పల్చటిదే మేలని క్లిమె. కొన్నేళ్ళ కింద ఒక పండగ భోజనాల దగ్గర ఆ వాదన ముదిరి, 'నువ్వు మ్యాపు చూసి ఈతకొట్టే రకానివి' అని తమ్ముడూ, 'నీ బుర్రలో ఉన్నదీ చిక్కటి నూనే' అని అన్నగారూ ఒకరినొకరు దెప్పుకున్నారు. అప్పట్నుంచీ మాటల్లేవు. ఇప్పుడు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అరిగి సందులు పెరిగిన తన కారు ఇంజన్‌కు చిక్కటిదే సరైనదని తేలుతోంది. ఆ మాట త్స్వేతకు చెప్పడానికి కూడా క్లిమెకు నోరు రాలేదు. ఆమె గదిలోకి రాగానే కాగితాలు దాచేసి, "ఏం లేదు, ఏవో అంకెలు" అని నిట్టూర్చేవాడు.

త్స్వేత బజారుకెళ్ళాక క్లిమె బాల్కనీలో నిలబడి, కొత్త డబ్బా కొన్న నూనె దుకాణంవాడికి ఫోన్ చేశాడు.

"అంతా నల్లబడిపోయిందయ్యా... ఆఁ, వయసైపోయింది కదా, పల్చగా ఉంటే ఇక నిలబడదు. వంద డిగ్రీల దగ్గర పద్దెనిమిదన్నా ఉండాలి... ఇవాళే మొత్తం తీసేసి కొత్తది ఎక్కిస్తాను. ఇలాగే నడిపితే ఏదో ఒకరోజు దారిలోనే ఆగిపోతుంది... మా ఆవిడకా? చెప్పలేదు. ఎలా చెప్పను?"

పై అంతస్తు బాల్కనీలో దుప్పటి దులుపుతున్న దొంకమ్మ చేతులు ఆగిపోయాయి. వంద డిగ్రీలంటే ఆమెకు జ్వరం. నల్లబడటం, పల్చబడటం, మొత్తం తీసి కొత్తది ఎక్కించడం అంటే రక్తం. దుప్పటి అలాగే వదిలేసి, చెప్పులు కూడా చూసుకోకుండా బజారుకు పరిగెత్తింది.

"త్స్వేతా! మీ ఆయన రక్తం నల్లబడిపోయిందే! నీకు చెప్పలేక కుమిలిపోతున్నాడు!"

త్స్వేత చేతిలోని మిరపకాయల సంచి జారిపోయింది. "అయ్యో! దిండు కింద కాగితాలు... అవి రక్త పరీక్షలా! ఏవో అంకెలన్నారే!" అంటూ ఏడ్చేసింది. ఈ కబురు చేపల దుకాణం దగ్గర మలుపు తిరిగి రేవుకు చేరేసరికి, క్లిమెకు సాయంత్రం దాకా మాత్రమే టైముందని తేలింది. నౌమ్ ఎక్కుతున్న ప్రయాణికులను దింపేసి, తాడు కూడా కట్టకుండా గట్టు మీదికి దూకాడు. పడవ తనంతట తాను పొగమంచులోకి వెళ్ళిపోయింది.

ఆ సమయానికి క్లిమె కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అడుగున మర విప్పాడు. నల్లటి నూనె సన్నటి దారంలా తొట్టిలోకి దిగుతుంటే, దాన్ని చూస్తూ ఏదో చీకటి జలపాతం పక్కన కునుకు తీస్తున్నట్టు హాయిగా ఉన్నాడు. ఎవరో కాళ్ళు పట్టి బయటికి లాగారు. కళ్ళు తెరిస్తే ఇన్నేళ్ళుగా చూడని తమ్ముడి ముఖం, ఆకాశానికి అడ్డంగా.

"అన్నయ్యా! ఎలా ఉందన్నయ్యా?"

కల అనుకున్నాడు క్లిమె. కలలో అడిగినదానికి కలలోలాగే జవాబిచ్చాడు.

"అంతా కారిపోయిందిరా..."

ఆయన ముఖమంతా, చేతులంతా నలుపు. నౌమ్ పెద్దగా ఏడ్చాడు. దొంకమ్మ శిలువ గీసుకుంది. త్స్వేత, "ఏమండీ, మాట్లాడకండి!" అంటూ ఆయన నోట్లో థర్మామీటర్ పెట్టి బిగించింది.

"అంబులెన్సు కోసం చూస్తూ కూర్చుంటే లాభం లేదు. బిటోలా పెద్దాసుపత్రికి పోదాం పదండి!" అని నౌమ్ స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ఆడవాళ్ళిద్దరూ క్లిమెను వెనక సీట్లో మధ్యన ఇరికించారు. కారు గర్జిస్తూ కదిలింది. వెనకాల ఇంటి ముందు నూనె తొట్టి ఒక్కటే మిగిలింది.

స్టీరింగ్ వెనక, నూనె లేదని చెప్పే ఎర్ర దీపం వెలగడం క్లిమె చూశాడు. కల ఠక్కున విడిపోయింది. థర్మామీటర్ ఉమ్మేశాడు.

"నూనె! నూనె లేదు! ఆపండి, నూనె!"

"దేవుడా, ఆఖరి నూనె అడుగుతున్నాడు!" అని దొంకమ్మ ఘొల్లుమంది. "నౌమ్, ముందు ఫాదరీ దగ్గరికి తిప్పు నాయనా!"

"ఇప్పుడే ఫాదరీ ఎందుకమ్మా! ధైర్యంగా ఉండన్నయ్యా!" అని నౌమ్ ఇంకా గట్టిగా తొక్కాడు.

"అది కాదురా మూర్ఖుడా! నూనె—"

"ఉద్రేకపడకండి, మీకు నా ప్రాణం పోస్తాను" అని త్స్వేత ఆయన నోరు చేత్తో మూసింది.

ఊరు దాటి, కనుమ ఎక్కుడు మొదలైన కాసేపటికి ఇంజన్లోంచి గొలుసులు ఈడ్చిన చప్పుడు వచ్చింది. తర్వాత ఒక్క దెబ్బ. తర్వాత ఏమీ లేదు. కారు గడ్డి అంచున ఒరిగి నిలబడిపోయింది. బానెట్ సందుల్లోంచి లేచిన పొగ కొండమీది మంచులో కలిసిపోయింది. కింద చాలా దూరాన సరస్సు వెండి పళ్ళెంలా మెరిసింది. దాని మధ్యలో మనిషి లేని పడవ ఒకటి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు తిరుగుతోంది.

నౌమ్ దిగి, నూనె కొలిచే పుల్ల లాగి చూశాడు. పొడిగా ఉంది.

"అన్నయ్యా, ఇందులో నూనేది?"

"తొట్టిలో ఉంది. పొద్దుట్నుంచీ అదే చెబుతున్నాను."

"మరి నీ రక్తం?"

"నా రక్తానికేమైందిరా?"

చిక్కు విడిపోవడానికి కాస్త సమయం పట్టింది. త్స్వేత దొంకమ్మ వైపు చూసింది. దొంకమ్మ కొండల వైపు చూసింది. అంతలోనే త్స్వేత నవ్వింది, మళ్ళీ ఏడ్చింది, తన శాలువాతో మొగుడి ముఖం తుడిచింది. గాలి చల్లగా ఉంది. ఎవరికీ కోపం రావడం లేదు.

"పడవ వదిలేసి వచ్చావట్రా?" అన్నాడు క్లిమె కిందకు చూస్తూ.

"నువ్వు పోతున్నావన్నారు." నౌమ్ పుల్లను మళ్ళీ ఇంజన్లోకి దూర్చాడు. "పడవదేముంది."

క్లిమె పొగమంచుతో చెబుతున్నట్టు అన్నాడు. "కొత్త డబ్బా ఇంట్లో ఉందిరా. చిక్కటిదే కొన్నాను. నువ్వు చెప్పిందే సరి. కాగితాలన్నీ నీ వైపే మాట్లాడాయి."

నౌమ్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఎప్పుడో పల్చటిదానికి మారిపోయానన్నయ్యా. చలి పొద్దుల్లో పడవ కదిలేది కాదు. నీ మాటే నిజమని చెప్పడానికి మీ గడప దాకా వచ్చి, వెనక్కి పోయాను కూడా."

ఇద్దరూ రోడ్డు పక్కనే కౌగిలించుకున్నారు. నౌమ్ చొక్కా మీద నల్లటి చేతి ముద్రలు రెండు పడ్డాయి.

"అయినా అన్నయ్యా, నీ కారుకైనా పల్చటిదే కొనాల్సింది."

"నాకు చెబుతావేంట్రా! వంద డిగ్రీల దగ్గర ఎంతుందో చూశావా?"

"వంద సంగతి సరే, మైనస్ ఇరవై మాటేమిటి? డేటా షీటంటే ఒక్క వరుసేనా?"

"నీ పడవకూ చిక్కటిదే పోయాలి, రాసిస్తాను!"

గొంతులు లేచి కొండకు తగిలి తిరిగొస్తున్నాయి. త్స్వేత గడ్డి మీద శాలువా పరిచి దొంకమ్మను కూడా కూర్చోమంది. ఆ లేత ఎండలో అన్నదమ్ములిద్దరూ చేతులు తిప్పుతూ హాయిగా పోట్లాడుకుంటుంటే, పొగ తగ్గిన ఇంజన్ ఒంటరిగా చల్లబడుతూ ఉంది. దానికి ఇక ఏ నూనెతోనూ పని లేదు.