కిలో గుండు కేసు

"ఈ జిల్లాలో నేరం చేసి నా కళ్ళలోకి సూటిగా చూడగల మొనగాడు ఇంకా పుట్టలేదు!"

ఆదివారం ఉదయం షూటింగ్ క్లబ్బు వంటింట్లో, బంగాళాదుంప సలాడ్ గిన్నె పక్కన నిలబడి ఓట్మార్ ఈ ప్రకటన చేశాడు. మీసానికి ఆవముద్ద అంటుకుని ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. కవరు వాసన చూసి లోపలున్నది ప్రేమో, నోటీసో చెప్పేసేవాణ్ణనీ, అంచేత తాను పుట్టు డిటెక్టివుననీ అతని నమ్మకం.

"పుట్టలేదులే. ముందు మీసం తుడుచుకో," అన్నాడు ఎవాల్డ్.

ఎవాల్డ్ ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు క్లబ్బులో అందరి పాయింట్ టూటూ తూటాల పిస్తోళ్ళూ అతని చేతిమీదే నడుస్తాయి. ఎవరి అరచేతికి తగ్గట్టు వారికి వాల్‌నట్ చెక్క పిడి చెక్కుతాడు, ట్రిగ్గర్ స్ప్రింగు సరిచేస్తాడు. ఓట్మార్‌కి చిన్ననాటి స్నేహితుడు కూడా కాబట్టి, ప్రతి కేసులోనూ అతని కోటు మోసే పని ఎవాల్డ్‌దే. ఈ కేసులో చిక్కల్లా ఒక్కటే: కోటు మోసేవాడే ముద్దాయి.

జరిగింది ఇది. జిల్లా జట్టు ఎంపిక పోటీకి రోస్విత వచ్చింది. పాల దుకాణం నడిపే రోస్విత బొటనవేలు విరిగి, ఏడాది తర్వాత మళ్ళీ పిస్తోలు పట్టింది. ఆ వంకర వేలికి సరిపడేలా ఎవాల్డే కొత్త పిడి చెక్కాడు. పోటీకి ముందు తనిఖీ అధికారి ఖాళీ పిస్తోలు గొట్టం పైకి నిలబెట్టి, ట్రిగ్గర్‌కి కిలో తూకపు గుండు తగిలించి మెల్లగా లేపుతాడు. గుండు గాల్లోకి లేచినా ట్రిగ్గర్ పడకూడదు. రోస్విత పిస్తోలు మూడుసార్లూ 'టిక్'మంది. పదకొండింటికి మళ్ళీ పరీక్ష. అప్పుడూ టిక్కుమంటే ఈ ఏటికి ఇంటికే. మిగతావాళ్ళ ట్రిగ్గర్లు కాస్త మొరటువి, గట్టెక్కాయి.

"నిన్ననే కిలో పది గ్రాములకి పెట్టానమ్మా. ఎలా జారిందో! ఇలా ఇయ్యి, మరో చుట్టు బిగిస్తాను," అని ఎవాల్డ్ వంటింట్లో కూర్చున్న రోస్విత కేసి చెయ్యి చాపాడు.

"ఆగు! సాక్ష్యాన్ని ముట్టుకోకు!" ఓట్మార్ మధ్యలో దూరాడు. "రోస్వితా, మార్చిలో వీడు చేసిన సలాడ్‌లో ఉప్పెక్కువైందన్నావు, గుర్తుందా?"

"అన్నాను. ఎక్కువైంది మరి."

"ప్రతీకారం! రక్తం గడ్డకట్టే ప్రతీకారం!"

"ఒరేయ్, నీ నోరు తూటా లేకుండానే పేలుతుందేంట్రా?" అన్నాడు ఎవాల్డ్.

ఓట్మార్ వినలేదు. ఎవాల్డ్ చొక్కా చేతిమీద వేలు రాసి పైకెత్తాడు. "తెల్లపొడి! రోస్వితా, చూశావా!"

"పిడికి పూసే చెక్క పుట్టీ అది. ఉప్పుకాగితంతో రుద్దాను కదా. నాకకురా..."

ఓట్మార్ అప్పటికే నాకేశాడు. ఉమ్మడానికి సింకు దాకా పరిగెత్తాడు.

రోస్విత నవ్వలేదు. పిస్తోలు పెట్టెను ఒళ్ళోకి లాక్కుంది. "ఎవాల్డ్ గారూ, మీ మీద నాకెంతో గురి ఉండేది. ఇప్పుడు మాత్రం... మీరు ముట్టుకోకండి."

నలభై ఏళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. ఎవాల్డ్ తన చేతులకేసి చూసుకున్నాడు. జేబులోంచి ఆయుధాల గది తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. "క్లబ్బు సెక్రటరీకి ఇచ్చెయ్‌రా. ఇక చాల్లే నాకు."

"నేరస్థుడు లొంగిపోతున్నాడు! అయినా ఓట్మార్ రుజువు లేనిదే అరెస్టు చెయ్యడు. వేలిముద్రలు తీస్తా," అని డిటెక్టివు బయటికి ఉరికాడు.

తనిఖీ అధికారి కాఫీకి వెళ్ళాడు కాబోలు, ఓట్మార్ నిమిషంలో కిలో గుండుతో తిరిగొచ్చాడు. వంటింటి గోధుమపిండి డబ్బా తెరిచి దానిమీద గుప్పెడు, తన బట్టతల మీద రెండు గుప్పెళ్ళు చల్లాడు. ఇప్పుడు గుండ్లు రెండూ తెల్లగా మెరుస్తున్నాయి.

"నేరచరిత్రలోనే ఇది మహత్తర..." అంటూ గుండును దీపం కేసి ఎత్తి, గట్టిగా తుమ్మాడు.

గుండు జారి రాతినేల మీద 'ఠంగు'మని పడింది. దాని అడుగునుంచి నల్లటి బిళ్ళ ఒకటి ఊడి, రోస్విత కుర్చీ కిందుగా దొర్లుకుంటూ వెళ్ళి, ఇనుప బీరువాకి 'టక్కు'మని అతుక్కుంది.

ముగ్గురూ నోళ్ళు తెరిచారు.

ఎవాల్డ్ వంగి దాన్ని పీకాడు. నోటీసు బోర్డుకి వాడే అయస్కాంతం. ఆ బిళ్ళలూ, గుండూ ఒకే సొరుగులో పడుంటాయి. నల్ల గుండు అడుగున నల్ల బిళ్ళ, ఎవరి కంటా పడలేదు. వంటింటి త్రాసులో వేశాడు. నలభై గ్రాములు.

"అంటే..." అంది రోస్విత.

"అంటే కిలో గుండు కిలో దాటింది. నా స్ప్రింగు జారలేదు," అన్నాడు ఎవాల్డ్.

పరుగున వచ్చిన అధికారి పిండి తుడిచి, బిళ్ళ లేని గుండు తూచి, తానే రోస్విత పిస్తోలుకి తగిలించాడు. గుండు గాల్లో హాయిగా ఊగింది. టిక్కు లేదు. రోస్విత బల్లమీది తాళంచెవిని తీసి ఎవాల్డ్ చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదల్లేదు. "ఆవేశంలో అనేశాను. మనసులో పెట్టుకోకండి."

ఆ మధ్యాహ్నం ఆమె మూడో స్థానంతో జిల్లా జట్టులోకి వెళ్ళింది.

"తుమ్ము కూడా నా పథకంలో భాగమే," అని ఓట్మార్ కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. సాయంత్రం జనం పలచబడ్డాక తన పిస్తోలు తెచ్చి ఎవాల్డ్ ముందు నెమ్మదిగా పెట్టాడు. "పనిలో పనిగా నాదీ చూస్తావేమో... ట్రిగ్గర్ రెండు కిలోలకీ కదలడం లేదురా."

క్షమాపణ అంటే అతనికి చేతనైంది అంతే అని ఎవాల్డ్‌కి తెలుసు. మ్యాగజైన్ తీసి, తూటా గది ఖాళీగా ఉందో లేదో చూసుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని లోపలికి తొంగిచూశాడు. మైనం, మసి, మందుపొడి, ఎప్పటిదో రొట్టెముక్క. అద్దం తీసి స్నేహితుడి కళ్ళలోకి సూటిగా చూశాడు.

"ఓట్మార్, నిజం చెప్పు. దీన్ని ఆఖరిసారి ఎప్పుడు శుభ్రం చేశావు?"

మహా డిటెక్టివు నేలచూపులు చూశాడు.