కళ్ళు తీసేసి రమ్మన్నారు

పొద్దున కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళి కంట్లో పెట్టుకునే లెన్సులు తెచ్చుకోవాలి, మధ్యాహ్నానికి ఫిలింనగర్ షూటింగ్‌కు చేరాలి. మంజులత వేసుకున్న లెక్క అంతే. ఎవరి నోట విన్నా కంప్యూటర్ కొలువుల మాటే వినబడే రోజులవి. సినిమా కథలు కూడా పొలాలు వదిలి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కాపురం పెట్టాయి. గుంపులో వెనక నిలబడీ నిలబడీ, చివరికి ఆ పిల్లకు నోరు విప్పే వేషం ఒకటి దొరికింది. హీరో దగ్గరికి పరుగెత్తుకొచ్చి "సార్, సర్వర్ డౌన్!" అనాలి. ఆ ఒక్క మాట కోసం ఎన్ని మొక్కులు మొక్కిందో!

చిక్కల్లా సోడాబుడ్డి అద్దాలతోనే. వాటిలో లైట్లు మెరుస్తున్నాయని, అవి తీసి రాకపోతే ఇంకో పిల్లను పెడతానని దర్శకుడు చెప్పేశాడు. తీస్తేనేమో ఎదురుగా ఉన్నది గోడో గుమ్మమో ఆమెకు తెలియదు.

యూసుఫ్‌గూడ కొట్టుకు తోడుగా తండ్రి జంగయ్య, నాయనమ్మ నీలమ్మ కూడా బయలుదేరారు. జంగయ్య ఆ సినిమాకే లైట్‌మన్. కొట్టాయన వీరరాఘవయ్య పెట్టెలన్నీ పరిచాడు.

"గట్టివీ ఉన్నాయి, మెత్తనివీ ఉన్నాయండి. నెలకోసారి మార్చేవి, ఏ రోజుకారోజు పారేసేవీ ఉన్నాయండి."

"దినాం పారేసుడేంది? కండ్లా, ఇస్తరాకులా?" అంది నీలమ్మ. "నెలకోపారి మార్చనీకి కిరాయిల్లా?"

"లైట్ల వేడికి గట్టివే ఆగుతయే అమ్మా," అన్నాడు జంగయ్య.

"గట్టివాటికి అలవాటు పడటానికి చాలా రోజులు పడుతుందండి."

"షూటింగ్ ఇయ్యాల్నే నాయినా!" అంది మంజులత ఏడుపు గొంతుతో.

అప్పుడే ఆకుపచ్చ రంగు లెన్సులు ఆమె కంటపడ్డాయి. చూపుకు చూపు, రంగుకు రంగు అన్నాడు వీరరాఘవయ్య. పెట్టించుకుని అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్త పిల్ల కనిపించింది. ఆమె చాలాసేపు కదల్లేదు. వెనక వరసలో నిలబడేవాళ్ళ ముఖం ఎవరికి గుర్తుంటుంది? ఈ కళ్ళనైతే ఎవరైనా ఒక్కసారి చూస్తారు.

నిజంగానే చూశారు. సెట్లో అందరికంటే ముందు చూసింది హీరోయిన్ భువన తల్లి నాగేశ్వరి.

"ఏంటండీ చలపతిరావుగారూ! మా అమ్మాయి కళ్ళు ఆ పిల్లకెందుకున్నాయి?"

భువనవీ ఆకుపచ్చ లెన్సులే. హీరోయిన్ కట్టిన రంగు చీర పక్కవాళ్ళు కట్టకూడదన్నది సినిమావాళ్ళ ఆనవాయితీ. కళ్ళకూ ఆ పట్టింపు ఉంటుందని పాపం వీళ్ళకేం తెలుసు! కో-డైరెక్టర్ చలపతిరావు పరుగున వచ్చాడు.

"అమ్మా, కళ్ళు తీసేసి రా."

"తీస్తే ఏం కనపడదు సార్!"

"నువ్వు చూడక్కర్లేదమ్మా, కనపడితే చాలు."

అలవాటు లేని వేళ్ళతో పీకేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి, నీళ్ళు ఆగలేదు. కెమెరా తిరిగింది. మంజులత పరుగెత్తింది. హీరోను దాటేసి, మూలనున్న మంచినీళ్ళ కూలర్ ముందు ఆగి, ధారగా కన్నీళ్ళు కారుతుండగా "సార్... సర్వర్ డౌన్!" అంది.

 పైన జంగయ్య లైటు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బిడ్డకు అంది వచ్చిన ఒక్క మాటా పోయిందనుకున్నాడు.

దర్శకుడు పడీపడీ నవ్వాడు. "ఓకే! హీరోగారిని కాదని కూలర్‌తో మొరపెట్టుకుంది చూడండి, ఆఫీసంటే ఇదండీ!"

"ఆ ఏడుపేదో మా అమ్మాయికే పెట్టొచ్చుగా?" అంది నాగేశ్వరి.

"పెడతానండీ. ముందు మీ అమ్మాయిని కూడా కళ్ళు తీసేసి రమ్మనండి."

నాగేశ్వరి గిరుక్కున తిరిగి కూతురి కుర్చీ వైపు నడిచింది.

సినిమా విడుదలయ్యాక ముగ్గురూ వెళ్ళి చూశారు. కూలర్ దగ్గరికి వచ్చేసరికి హాలంతా గొల్లుమంది, ఈలలు మోగాయి. నీలమ్మకు ఒళ్ళు మండింది.

"పోరి ఏడుస్తుంటే నవ్వుతరేంది వీళ్ళు?"

మంజులత ఆమె చెయ్యి పట్టుకుంది. "నవ్వనియ్యే అవ్వా. అందరు నన్నే చూస్తుండ్రు."

ఆ తర్వాత వేషాలు వరసగా వచ్చాయి. అన్నిటికీ ఒకటే షరతు, అమ్మాయికి ఏమీ కనపడకూడదు.